ఒడ్డున ఒక తాడైనా ఉంచండి: శ్రీకాకుళం తీరం బాధ్యత చూసే అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను శ్రీకాకుళం పట్టణంలో ఉంటున్న ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుణ్ని. మీ మీద ఎంత పనిభారం ఉంటుందో నాకు కొంతైనా తెలుసు. తుపాను వచ్చిన ప్రతిసారీ రాత్రంతా మేలుకుని ఊళ్లు ఖాళీ చేయించేది మీరే. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చి వెళ్లాక ఉద్దానంలో మీలో చాలామంది పడ్డ కష్టం కళ్లారా చూశాను. అందుకే తీరంలో మునిగిపోయేవాళ్లని కాపాడే ఏర్పాట్ల విషయాన్ని ముందు అర్జీగానే ఇచ్చాను. ఒకసారి కాదు, రెండుసార్లు. ఇక వేరే దారి కనపడక అందరూ చదివేలా రాస్తున్నాను.

చలికాలం మా జిల్లాలో జనం సముద్రానికి వెళ్లే కాలం. కార్తీక వనభోజనాలతో మొదలై జనవరి ఒకటి, సంక్రాంతి, ముక్కనుమ, మాఘ పౌర్ణమి, శివరాత్రి దాకా సాగుతుంది. వెళ్లేది పెద్ద బీచ్‌లకు కాదు. మనకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. రాష్ట్రంలో ఇంత పొడవైన తీరం ఇంకే జిల్లాకూ లేదు. కళింగపట్నం, బారువ లాంటి నాలుగైదు పేరున్న చోట్లు పక్కన పెడితే మిగతాదంతా చిన్న చిన్న మత్స్యకార గ్రామాలు, సరుగుడు తోటలు, వాటి వెనక మనిషి కనపడని ఇసుక. ఆ ఖాళీ తీరాల గురించే ఈ లేఖ.

పోయిన డిసెంబరు రెండో ఆదివారం మూడు కుటుంబాల వాళ్లం, పిల్లలతో కలిపి 11 మందిమి రెండు ఆటోల్లో బయల్దేరాం. ముందు శ్రీకూర్మంలో దర్శనం, తర్వాత సముద్రం, చీకటి పడేలోపు ఇల్లు. ఏ తీరానికి వెళ్లామో ఆ ఊరి పేరు రాయడం లేదు. రాస్తే ఆ ఒక్క చోటికే నలుగురు కానిస్టేబుళ్లను పంపి విషయం ముగిస్తారేమోనని నా భయం. పైగా మా పిల్లాడికి ప్రాణం పోసిన ఊరది. దానికి చెడ్డపేరు రాకూడదు.

మేం చేరేసరికి పదిన్నర. పొగమంచు అప్పుడే విడిపోతోంది. సరుగుడు తోట దాటి బయటికి రాగానే ఎదురుగా సముద్రం. కుడివైపు మనిషి లేడు, ఎడమవైపు మనిషి లేడు. దూరంగా ఒడ్డుకి లాగిపెట్టిన నాలుగు ఫైబర్ బోట్లు, వాటి నీడలో రెండు కుక్కలు. మా అడుగుల చప్పుడికి ఎర్ర పీతలు కన్నాల్లోకి దూరిపోతున్నాయి. రావణాసురుడి మీసాలనే ఇసుక గడ్డి కాయలు గాలికి తెగి బంతుల్లా ఇసుక మీద దొర్లుతుంటే పిల్లలు వాటి వెంట పరుగు. మా అమ్మకి 72 ఏళ్లు. మోకాళ్ల నొప్పులతో ఏడాదిగా గడప దాటని మనిషి, కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకుని చీలమండల దాకా నీళ్లలో నిలబడి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆమె ముఖం అంత తేటగా చూసి ఎన్నాళ్లయిందో.

ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర, పెరుగన్నం సరుగుడు నీడలో కూర్చుని తిన్నాం. ఆటోలకి 1,400, సరుకులకి ఓ 600. రెండు వేల రూపాయల్లో 11 మందికి ఒక రోజు. టికెట్ లేదు, క్యూ లేదు, ఎవరి దయా అక్కర్లేదు. మాలాంటి ఇళ్లలో సెలవు రోజు అంటే ఇదే.

రెండు గంటలప్పుడు మా చెల్లెలి కొడుకు నీళ్లలోకి దిగాడు. ఇంటర్ చదువుతున్నాడు. చెరువులో ఈత బాగా వచ్చు. అటూ ఇటూ తెల్లటి నురగతో కెరటాలు విరుగుతుంటే మధ్యలో ఓ పదిహేను, ఇరవై అడుగుల వెడల్పున నీరు నల్లగా, నున్నగా ఉంది. అలలు లేవు కాబట్టి అక్కడైతే భయం లేదనుకున్నాడు. ఒడ్డున కూర్చున్న పెద్దవాళ్లం మేమూ అలాగే అనుకున్నాం. నడుము లోతులో ఉన్న పిల్లాడు, నేను మంచినీళ్ల సీసా మూత బిగించి తలెత్తేసరికి యాభై అడుగుల దూరంలో ఉన్నాడు. మళ్లీ చూసేసరికి తల ఒక్కటే కనపడుతోంది. ఒడ్డు వైపే ఈదుతున్నాడు. ఈదుతూనే వెనక్కి పోతున్నాడు.

వాడి నాన్న దూకబోతే ఇద్దరం పట్టుకుని ఆపాం. ఆయనకి ఈత రాదు. మా కేకలు విని బోట్ల దగ్గర వల బాగు చేసుకుంటున్న పెద్దాయన ఒకరు, ఎండు చేపలు తిరగేస్తున్న ఇద్దరు ఆడవాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఆయనకి అరవై దాటి ఉంటాయి. ఒడ్డు నుంచి లాగే అలివి వల తాడు నడుముకి చుట్టుకుని, రెండో కొస ఆ ఆడవాళ్ల చేతికిచ్చి, మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా చంకలో పెట్టుకుని ఆ నల్లటి నీళ్లలోకే దిగాడు. అది లాక్కెళ్లినట్టే వెళ్లి, పిల్లాడికి డబ్బా అందించి, ఒడ్డుకి తిన్నగా కాకుండా పక్కకి ఈదించి కెరటాలు విరిగే చోటికి తెచ్చాడు. అక్కణ్నుంచి మేమంతా తాడు పట్టుకుని లాగాం. నా రెండు అరచేతుల చర్మం ఒరుసుకుపోయింది. ఆ సంగతి ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నప్పుడు గానీ నాకు తెలియలేదు.

పిల్లాడు నీళ్లు కక్కుకుని లేచి కూర్చున్నాక పెద్దాయన అన్నమాట ఇది: "అలల్లేని కాడ దిగకూడదు బాబూ. అక్కడే లాగేస్తాది. ఎవలూ సెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. నేను ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. నాకే తెలియదు. సముద్రానికి ఇరవై కిలోమీటర్ల దూరంలో పుట్టి పెరిగిన మనిషిని. నాకే తెలియదు.

తర్వాత తెలుసుకున్నాను. దాన్ని రిప్ కరెంట్ అంటారు. అలలు ఒడ్డుకి తెచ్చిపోసిన నీరంతా తిరిగి లోపలికి వెళ్లాలి. నీళ్ల కింద ఇసుక మేట ఎక్కడ తెగి ఉంటే ఆ దారిన ఒక్కసారిగా వెనక్కి పరిగెడుతుంది. లోతు ఎక్కువ కాబట్టి అక్కడ కెరటం విరగదు, నీరు ప్రశాంతంగా కనపడుతుంది. అది మనిషిని కిందికి లాగదు, లోపలికి లాక్కెళ్తుంది. ఎదురీదితే ఎంత గట్టి ఈతగాడైనా అలిసిపోయి మునుగుతాడు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదితే ఆ పాయ లోంచి బయటపడొచ్చు. ఈ నాలుగు ముక్కలు ఒక రేకు బోర్డు మీద పడతాయి. ఆ తీరంలో ఆ రేకు బోర్డు లేదు.

ఆ వారంలోనే ఒక కార్యాలయంలో అర్జీ ఇచ్చాను. మర్యాదగానే తీసుకున్నారు, రసీదు ఇచ్చారు. ఇది మా పరిధిలోకి రాదు, ఫలానా వాళ్లని కలవండి అన్నారు. ఫలానా వాళ్లు ఇంకొకరిని చూపించారు. తోట ఒక శాఖది, ఇసుక ఒకరిది, రోడ్డు పంచాయతీది, బోట్లు ఇంకో శాఖవి, మనిషి పోతే కేసు మరొకరిది. మునిగిపోతున్న మనిషి మాత్రం ఎవరి ఖాతాలోనూ లేడు. నెల తిరక్కుండానే "మీ అర్జీ పరిష్కరించబడింది" అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ముక్కనుమ నాడు వెళ్లి చూశాను. రెండు వందల మందికి పైగా ఉన్నారు. సరిగ్గా ఆ నున్నటి నీళ్ల పక్కనే పిల్లలు ఆడుతున్నారు. బోర్డు లేదు, తాడు లేదు, చెప్పేవాళ్లు లేరు. ఆ రోజు నేను, మా చెల్లెలి కొడుకు సాయంత్రం దాకా నిలబడి వచ్చినవాళ్లకి వచ్చినట్టు చెప్పాం. కొందరు విన్నారు. కొందరు "మీరెవరు మాకు చెప్పడానికి" అన్నారు. రెండో అర్జీకి ఇప్పటిదాకా జవాబు లేదు.

మళ్లీ కార్తీకం వస్తోంది. అందుకే ఈ కింది విషయాలు మీ ముందు పెడుతున్నాను.

1. కాపాడగలిగిన వాళ్లు ఊళ్లో లేని కాలమిది. మన మత్స్యకార గ్రామాల్లో వయసులో ఉన్న మగవాళ్లు చాలామంది ఆగస్టు నాటికే గుజరాత్‌లోని వెరావల్‌కి బోట్ల మీద పనికి వెళ్లిపోతారు. వేసవి దాకా తిరిగి రారు. ఇది మీకు నేను చెప్పాల్సిన పని లేదు. 2018 నవంబరులో పాకిస్తాన్ వాళ్లకి పట్టుబడి, 2020 జనవరిలో విడుదలైన వాళ్లలో మన జిల్లావాళ్లు ఉన్నారు. వాళ్లు ఇళ్లకి వచ్చినప్పుడు అధికారులుగా ఎదురెళ్లి తీసుకొచ్చింది మీవాళ్లే. అంటే బయటి జనం తీరానికి వచ్చే నాలుగు నెలలూ ఊళ్లో ఉండేది ముసలివాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు. మా పిల్లాడి కోసం దిగింది అరవై దాటిన మనిషి. ఆయన ఆ పూట సంతకి వెళ్లి ఉంటే? ఈ ప్రశ్న మా చెల్లెల్ని ఇప్పటికీ రాత్రిళ్లు నిద్ర పోనివ్వడం లేదు.

2. జనం ఎక్కువగా వచ్చే రోజు, సముద్రం పోటెక్కే రోజు చాలాసార్లు ఒకటే అవుతాయి. పౌర్ణమికీ, అమావాస్యకీ పోటుపాట్లు పెద్దవిగా ఉంటాయని తీరం మీద ప్రతి ఇంట్లో తెలుసు. కార్తీక పౌర్ణమి, మాఘ పౌర్ణమి సముద్ర స్నానాలు ఆ రోజే. శివరాత్రి అమావాస్యకి ముందు రోజు. పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు బంగాళాఖాతంలో తుపాన్ల నెలలు. ఎక్కడో నడిసముద్రంలో వాయుగుండం ఉంటే ఇక్కడ ఎండ కాస్తుంటుంది, కెరటం మాత్రం పెద్దదై వస్తుంది. నాగావళి, వంశధార సముద్రంలో కలిసే మొగల దగ్గర ఇంకా ప్రమాదం. నీరు వెనక్కి తీసే పాటు వేళ నది నీరూ, సముద్రం నీరూ కలిసి బయటికి లాగుతాయి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ అలల ఎత్తు గురించి ముందుగానే హెచ్చరికలు ఇస్తుంది. అవి మీ కార్యాలయాలకి చేరుతున్నాయి. శ్రీకాకుళం నుంచో, ఆమదాలవలస నుంచో, పాలకొండ నుంచో ఆటో ఎక్కి వచ్చిన కుటుంబానికి చేరడం లేదు. ఆ హెచ్చరిక ఒడ్డున ఒక ఎర్ర జెండాగా కనపడితే తప్ప వాళ్లకి అర్థం కాదు.

3. ఎవరైనా చనిపోతే మీరు ఎక్కువగా చేసేది నిషేధం. నాలుగు రోజులు పోలీసులు నిలబడతారు, దారికి అడ్డంగా కర్రలు కడతారు. ఐదో రోజు ఆ కర్రలు ఉండవు. నిషేధం వల్ల జనం ఆగరు. పోలీసులు లేని ఇంకో చోటికి, ఇంకా ఖాళీగా ఉన్న చోటికి వెళ్తారు. అక్కడ బోట్లు ఉండవు, అలివి తాడు ఉండదు, ముసలాయన కూడా ఉండడు. పైసా ఖర్చు లేకుండా ఊపిరి పీల్చుకునే చోటు పేదవాడికి ఇదొక్కటే. దాన్ని మూసేసి చేతులు దులుపుకోవద్దని వేడుకుంటున్నాను.

4. ఆడవాళ్ల ఇబ్బంది. పొద్దున్న ఎనిమిదికి ఇంట్లో బయల్దేరిన మా ఆవిడ, మా చెల్లెలు సాయంత్రం ఆరున్నర దాకా మంచినీళ్లు సరిగ్గా తాగలేదు. ఎందుకో విడమరిచి చెప్పక్కర్లేదనుకుంటాను.

5. మనం విహారం అనుకునే ఇసుక, ఊరివాళ్లకి పని చేసుకునే చోటు. నెత్తళ్లు, కవళ్లు ఎండబెట్టేది ఆ ఇసుక మీదే. మేం వెళ్లిన రోజు ఆ ఇద్దరు ఆడవాళ్లు పరిచిన చేపల మీదుగా ఎవరో బైకు తోలుకుంటూ పోయారు. టైరు పోయినంత మేరా చేపలు నలిగి ఇసుకలో కలిసిపోయాయి. వాళ్లిద్దరిలో ఆ చేపలు ఎవరివో ఆమె ఏమీ అనలేదు. కూర్చుని ఒక్కొక్కటే ఏరి, ఇసుక దులిపి, పనికొచ్చేవి ఒక పక్కకి, పనికిరానివి ఒక పక్కకి వేసుకుంది. మా పిల్లాడి కేకలు విని ఆ చేపల్ని అలాగే వదిలేసి పరిగెత్తుకొచ్చింది ఆవిడే. తిరిగి వెళ్లేసరికి కాకులు, కుక్కలు సగం తినేశాయి. మేం డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. తాగి పగలగొట్టిన సీసా పెంకులు ఆ ఇసుకలోనే ఉంటాయి, వాళ్లు నడిచేది ఉత్త కాళ్లతో. వల లాగేటప్పుడు పెంకు దిగితే వారం రోజులు పని ఉండదు. కూలి ఉండదు. ఈ నష్టాన్ని ఎవరూ లెక్క రాయరు.

6. తాబేళ్లు. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకి వచ్చేది జనవరి నుంచి మార్చి, ఏప్రిల్ దాకా. అంటే మన విహారాలు, వాటి కాన్పులు ఒకే కాలంలో. ఒక్కో తల్లి వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతుంది. నలభై ఐదు నుంచి అరవై రోజులకి పిల్లలు పైకి వస్తాయి. వచ్చిన పిల్లలు రాత్రి వెలుతురు ఎటుంటే అటే నడుస్తాయి. ఒడ్డున ఫ్లడ్ లైట్ పెడితే సముద్రం అనుకుని రోడ్డు వైపు వచ్చి చచ్చిపోతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్న జీవి ఇది, పులికి ఉన్నంత రక్షణ దీనికీ ఉంది. ముక్కనుమ నాడు ఒడ్డున చచ్చి పడి ఉన్న ఒక తల్లి తాబేలును చూశాను. డొప్ప నా చేతి గడియారం పట్టీ నుంచి మోచేయి దాటి ఇంకా పొడవుంది. కళ్లు కాకులు తినేశాయి. దాని పక్కనుంచే జీపు టైర్ల జాడ. దాన్ని జీపే చంపిందని నేను అనడం లేదు. వలల్లో చిక్కుకుని ఊపిరాడక చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చేవే ఎక్కువని ఊరివాళ్లు చెప్పారు. కానీ ఆ టైరు కింద ఎన్ని గూళ్లు ఉన్నాయో ఎవరికి తెలుసు? కూర్మావతారానికి గుడి కట్టి పూజించే జిల్లా మనది. శ్రీకూర్మంలో దణ్ణం పెట్టుకుని అటునుంచి అటే సముద్రానికి వచ్చే జనానికి ఈ మాట ఎవరైనా చెబితే వినరా? వింటారు. మా పిల్లలు విన్నారు.

7. చీకటి. డిసెంబరులో మనకి సాయంత్రం ఐదున్నర లోపే పొద్దు గుంకుతుంది. చాలా ఊళ్ల నుంచి చివరి బస్సు ఎప్పుడో, అసలు ఉందో లేదో తెలియదు. ఆటో దొరకని కుటుంబాలు పసిపిల్లల్ని ఎత్తుకుని తోటల మధ్య చీకట్లో మెయిన్ రోడ్డు దాకా నడవడం నేనే చూశాను.

ఇక మేం అడిగేవి. ముందుగా ఒక మాట. దయచేసి దీన్ని "బీచ్ డెవలప్‌మెంట్" అనే ఫైలులో పెట్టకండి. విశాఖ రుషికొండకి 2020లో, శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చినప్పుడు మేమూ సంతోషించాం. పెద్ద నగరం పక్కన, వేలమంది వచ్చే చోట అలాంటి ఏర్పాట్లు ఉండాల్సిందే. కానీ మా తీరాలకి సిమెంటు మెట్లు, రంగుల లైట్లు, ప్రేమ గుర్తు బొమ్మలు, పార్కింగు టికెట్లు అక్కర్లేదు. ఇసుక దిబ్బల్ని చదును చేయడం, విహారం పేరుతో వాటి రూపం మార్చడం 2019 తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ కూడా ఒప్పుకోదు. ఉప్పెన వచ్చినప్పుడు ఊరికి మొదటి గోడ ఆ దిబ్బే. మేం వచ్చేది అక్కడ ఏమీ లేదనే. ఏమీ లేకపోవడమే మాకు కావాలి. ప్రాణం నిలబెట్టే నాలుగు వస్తువులు తప్ప.

ఒకటి. జిల్లా తీరం మొత్తానికీ ఈ విషయంలో జవాబు చెప్పాల్సిన అధికారి ఒకరిని నియమించండి. పేరు, ఫోన్ నంబరు ప్రతి తీర గ్రామ సచివాలయంలో గోడ మీద రాయించండి. మిగతా డిమాండ్లన్నీ ఆలస్యమైనా సరే, ఇదొక్కటి వెంటనే కావాలి. ఎవరిని అడగాలో తెలిస్తే మిగతావి మేం అడిగి చేయించుకోగలం.

రెండు. జనం వచ్చే ప్రతి తీరంలో, తోట దాటి ఇసుకలోకి అడుగు పెట్టే చోట ఒక బోర్డు. "స్నానం నిషేధం" అని రెండు మాటలు రాసి వదిలేసే బోర్డు కాదు. ఎక్కడ దిగకూడదో, లాగితే ఏం చేయాలో బొమ్మతో చెప్పే బోర్డు. దాని పక్కనే ఒక స్తంభానికి గాలి ట్యూబు, 50 మీటర్ల తాడు. తాళం వేయకండి.

మూడు. ఊరివాళ్లకే కాపలా పని ఇవ్వండి. బయటి నుంచి ఎవరినీ తేనక్కర్లేదు. కార్తీకం నుంచి శివరాత్రి దాకా ఆదివారాలు, పండగలు, పౌర్ణములు కలిపి 30 రోజులు అనుకుందాం. ఒక్కో తీరానికి నలుగురు, రోజుకి 800 రూపాయలు. మొత్తం 96 వేలు. ఏడాదికి ఒక తీరానికి లక్ష కూడా కాదు. వలసకి వెళ్లలేక ఊళ్లో ఉండిపోయిన వాళ్లకి అది చేతిలో నాలుగు డబ్బులు. ఆడవాళ్లనీ తీసుకోండి. ఆ రోజు తాడు రెండో కొస పట్టుకుని నిలబడింది వాళ్లే. ఆ నలుగురికీ నీళ్లు మింగిన మనిషికి ఊపిరి ఎలా అందించాలో, గుండె మీద ఎలా నొక్కాలో ఆసుపత్రి వాళ్లతో నేర్పించండి. తలకిందులుగా వేలాడదీయడం, కడుపు నొక్కి నీళ్లు కక్కించడం ఇప్పటికీ చేస్తున్నారు. ఊపిరి ఆగాక చేతిలో ఉండేది నాలుగైదు నిమిషాలే. 108 బండి ఎంత వేగంగా వచ్చినా ఆ లోపు తీరానికి చేరలేదు.

నాలుగు. పెద్ద అలల హెచ్చరిక వచ్చిన రోజున, పౌర్ణమి అమావాస్యల్లో ఎర్ర జెండా. గ్రామ సచివాలయంలో పనిచేసే ఒకరికి ఆ బాధ్యత అప్పగిస్తే చాలు.

ఐదు. తోట అవతల, రోడ్డు పక్కన ఆడవాళ్లకి మరుగుదొడ్డి, ఒక కుళాయి. ఇసుకలో వద్దు. బండ్లు కూడా అక్కడే ఆగాలి. బైకైనా, జీపైనా, ట్రాక్టరైనా ఇసుకలోకి రాకుండా రెండు రాతి స్తంభాలు పాతితే సరిపోతుంది. మత్స్యకారుల బండ్లకి మాత్రం దారి వదలండి.

ఆరు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రిపూట ఒడ్డున లైట్లు, డీజేలు, మంటలు వద్దు. గూళ్లు కాపాడే పని కొన్ని తీరాల్లో ఇప్పటికే జరుగుతోంది, అది మిగతా చోట్లకీ రావాలి. మన జిల్లాలోనే తేలినీలాపురంలో, తేలుకుంచిలో ఏటా వచ్చే పక్షుల్ని ఊరివాళ్లే తమ ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటున్నారు. ఎవరూ రాయి విసరరు. ఆ ఊళ్లకి చేతనైంది మన తీర గ్రామాలకి చేతకాదా? అడిగేవాళ్లు, అండగా నిలబడేవాళ్లు ఉంటే చేతనవుతుంది.

ఏడు. ఆదివారాలు చివరి బస్సు ఆరు గంటలకి ఉండేలా చూసి, ఆ సమయం కూడా బోర్డు మీద రాయించండి.

నా తోటి ప్రయాణికులకీ ఒక మాట. 2022 జులై నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు దేశమంతా నిషేధం. అరిటాకో, విస్తరాకో తీసుకెళ్లండి. సీసాలు పగలగొట్టకండి. చేపలు ఆరబెట్టిన చోటికి చుట్టూ తిరిగి వెళ్లండి. తాగి నీళ్లలోకి దిగకండి. ఎవరైనా లోపలికి కొట్టుకుపోతే వెంటనే దూకకండి. మునిగేవాడి వెంట దూకి ఇద్దరూ పోయిన ఇళ్లు మన చుట్టుపక్కలే ఉన్నాయి. డబ్బా, ట్యూబు, తాడు, చివరికి చీరలు ముడివేసి అయినా విసరండి. ఈ దేశంలో ఏటా 30 వేల మందికి పైగా నీళ్లలో మునిగి చనిపోతున్నారు. అందులో మన ఇంటి మనిషి ఉండకూడదు.

అధికారులకు చివరి విన్నపం. కార్తీకం మొదలయ్యేలోపు మొదటి రెండు డిమాండ్ల మీద మీ జవాబు కావాలి. నిధులు లేవంటే బోర్డుల ఖర్చు మేం చూసుకుంటాం. మా బడి డ్రాయింగ్ మాస్టారు, తొమ్మిదో తరగతి పిల్లలు రాయడానికి సిద్ధంగా ఉన్నారు. పెయింటు, రేకు కొనడానికి మా వీధిలో చందాలు కూడా వేసుకున్నాం. పాతడానికి మీ అనుమతి ఒక్కటే కావాలి. బోర్డు మీద రాయాల్సిన మాటలు ఆ పెద్దాయనని కూర్చోబెట్టుకుని అడిగి రాసుకున్నాను. అవి ఇవి:

అలలు విరగని చోట దిగకండి. నీరు నల్లగా, నున్నగా ఉంటే అక్కడ లాగుతుంది.
లాగితే కంగారు పడకండి. ఒడ్డు వైపు ఈదకండి. పక్కకి ఈదండి.
ఈత రాకపోతే వెల్లకిలా తేలండి. చెయ్యి ఎత్తి పిలవండి.
కాపాడడానికి దూకకండి. తాడు విసరండి. తాడు ఈ స్తంభానికే ఉంది.
పౌర్ణమికి, అమావాస్యకి మోకాలి లోతు దాటకండి.
ఇసుకలో బండి నడపకండి. కింద తాబేలు గుడ్లు ఉంటాయి.
ఫోన్: 112, 108.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం.